నల్గొండను మా కంపెనీ గెలిచిన తీరు

పెద్ద ఊళ్లలో పెద్ద కంపెనీలతో తలపడే సత్తా మా కంపెనీకి లేదు. అందుకే జిల్లాల మీద పడింది. ఆసుపత్రులు, రైసు మిల్లులు, ప్రైవేటు కాలేజీలు తమ రికార్డులు దాచుకునే సర్వర్లను తీసేయించి, అన్నిటినీ హైదరాబాదులోని మా సర్వర్లకు మార్పించాలి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మేనేజరు తేల్చి చెప్పాడు.

"మన పోటీ మిషన్లతో కాదు. ఆ ఊళ్లో ఆ మిషన్లు చూసుకునే మనిషితో. అతన్ని పక్కకు జరిపితే ఊరు మనదే."

నల్గొండలో ఆ మనిషి ఎవరో నాకు తెలుసు. డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, సొంతంగా ఈ పని నేర్చుకున్నవాడు. కట్టంగూరు మిల్లులో సర్వరు ఆగిందంటే తింటున్న అన్నం వదిలేసి బండెక్కేవాడు. కేబుల్ కొస కత్తిరించడం నుంచి ఆగిన సర్వరును లేపడం దాకా నాకు ఆయనే నేర్పాడు. "ఆడిపిల్లకు గీ పనేంది?" అని ఓ మిల్లు యజమాని అంటే, "గట్లయితే నేను గూడ రాను" అని సంచీ సర్దుకున్నాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని.

కంపెనీలో చేరిన ఆర్నెల్ల తర్వాత మేనేజరును వెంటబెట్టుకుని అన్న షాపుకే వెళ్లాను. మాతో కలిసి పనిచేయమన్నాం. ఆయన నాకు చాయ్ తెప్పించి, "నాకెందుకు చెల్లె, నా పని నాకున్నది" అన్నాడు.

తిరిగొస్తుంటే కారులో మేనేజరు అడిగాడు. "అతని సర్వర్లకు బలహీనత ఎక్కడ?"

చెప్పాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. కరెంటు హఠాత్తుగా పోతే అవి లేవడానికి చాలాసేపు పడుతుందనీ, అందుకే బ్యాటరీ అయిపోకముందే ఆయన వాటిని పద్ధతిగా ఆపుతాడనీ చెప్పాను.

ఆయనకు అన్నిటికంటే పెద్ద కస్టమరు ఒక ప్రైవేటు ఆసుపత్రి. పొద్దున పదకొండింటికి, కౌంటరు ముందు రోగులు బారులు తీరిన వేళ, ఆసుపత్రి డాక్టరు ఎదుట కరెంటు పోతే ఎవరి రికార్డులు ముందు తెర మీదికొస్తాయో ఇద్దరి సర్వర్లకూ పరీక్ష పెట్టించాం. బ్యాటరీ నుంచి అన్న సర్వరుకు వెళ్లే ప్లగ్గు పీకాలన్నాడు మేనేజరు.

అన్న అడ్డం వచ్చాడు. "గట్ల పీకొద్దు సార్. అండ్ల పేషెంట్ల రికార్డులున్నయి. నేను ఆపి చూపిస్త, జర ఆగుండ్రి."

"కరెంటు పోయేముందు మీకు చెప్పి పోతుందా?" అన్నాడు మేనేజరు. డాక్టరు నవ్వాడు. ప్లగ్గు ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి నేనే పీకాను.

హైదరాబాదు నుంచి మా తెర మీద రికార్డులు వెంటనే వచ్చేశాయి. అన్న తెర నల్లగానే ఉంది. చీటీలు పట్టుకున్న రోగులు ఆయన్ని తిట్టడం మొదలుపెట్టారు. ఒకామె, "మా అవ్వకు ఆయాసమొస్తాంది, నీ డబ్బా పాడుగాను!" అని అరిచింది. చెమట కారుతుంటే ఆయన నేల మీద కూర్చుని కీబోర్డు కొడుతూనే ఉన్నాడు. సర్వరు లేచేసరికి డాక్టరు మా కాగితం మీద సంతకం పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. అన్న ప్లగ్గు వైపు చూసి, నా వైపు చూశాడు. అంతే.

ఆ మాట ఊరంతా పాకింది. కస్టమర్లు ఒక్కొక్కరే మా వైపు వచ్చారు. షాపు మూతపడింది. అప్పుడు మేనేజరు ఇంకో ఆలోచన చేశాడు. పాత సర్వర్లు విప్పే పని అన్నకే ఇస్తే ఊళ్లో ఎవరూ మనల్ని వేలెత్తి చూపరన్నాడు. అన్నకు చదువుకునే పిల్లలు ఇద్దరు. ఆయన ఒప్పుకున్నాడు.

మోత్కూరు కాలేజీలో ఆయన విప్పుతుంటే నేను కాగితాలతో పక్కన నిలబడ్డాను. తను బిగించిన మరలు తనే విప్పి, డబ్బా మీది దుమ్మును రుమాలుతో తుడిచాడు.

"పాత సామాన్ల కొట్టుకు పోయేదే కదా, తుడవడం ఎందుకన్నా?" అన్నాను.

"చేతికిచ్చేటప్పుడు తుడిసియ్యాలె మేడం" అన్నాడు.

నేను సంతకం చేయించుకున్నాను.

ఇప్పుడాయన షాపులకు కెమెరాలు బిగిస్తున్నాడని విన్నాను. వెళ్లి చూడలేదు. ఆ ఏడాదే నాకు ప్రమోషన్ వచ్చింది, మహబూబ్‌నగర్ నా చేతికిచ్చారు. అక్కడ కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూల్లో మార్కుల సంగతి నేను అడగలేదు. అందరినీ ఒకటే అడిగాను, ఈ ఊళ్లో మీకు పని నేర్పింది ఎవరని. ఒకమ్మాయి మొహం వెలిగిపోయింది. తనకు పని నేర్పినాయన గురించి చాలాసేపు చెప్పింది. అంతా రాసుకుని, ఆ అమ్మాయికే ఉద్యోగం ఇచ్చాను.