దువ్వాడలో ఎనిమిదీ పది

ఎలమంచిలి మీదుగా వచ్చే పొద్దుటి పాసింజరు దువ్వాడకి ఎనిమిదీ పదికి రావాలి. రావాలన్నది టైంటేబుల్ మాట. ఎనిమిదేళ్ళుగా ఆ బండెక్కి పనికి వెళ్తున్న నన్నడిగితే ఇంకో మాట చెబుతాను గానీ, అది అచ్చులో బాగోదు. స్టీలు ప్లాంటు దగ్గర ఒక కాంట్రాక్టరు ఆఫీసులో గేటు పాసులు టైపు చేసే ఉద్యోగం నాది. ఎనిమిదిన్నర దాటితే సగం రోజు కోత. "బండి లేటు సార్" అని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. మా సూపర్‌వైజరు పది దాటాక తాపీగా ఫోన్ తీసి, అదే బండి విశాఖపట్నంలో రైట్ టైముకి చేరినట్టు చూపించి, "ఏటమ్మా గౌరీశ్వరీ, బండి లేటా, నువ్వు లేటా?" అనేవాడు.

వరహాలు బాబాయ్ నాకు ఆ బండిలోనే పరిచయం. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు ఆ వయసు మనిషిని అలాగే పిలుస్తాం. పొట్టి మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో పొడుగాటి రిజిస్టరు. మొదటిరోజు టీసీ అనుకుని టికెట్టు తీసి చూపించాను. డబ్బాలో అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా టికెట్టు తీసుకుని, తేదీ చూసి, తిరిగి ఇచ్చాడు.

బండి దువ్వాడలో ఆగగానే ఆయన టైము రాసేవాడు. ఇంజను ప్లాట్‌ఫారం ఎక్కగానే కాదు, చక్రం పూర్తిగా ఆగాక. ఒక గడిలో తేదీ, రెండో గడిలో రావలసిన టైము, మూడో గడిలో వచ్చిన టైము, నాలుగో గడిలో ఎన్ని నిమిషాలు ఆలస్యం. అయిదో గడి మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉండేది. అందులో ఆ బండి విశాఖపట్నం ఎన్నింటికి చేరిందో కనుక్కుని రాసేవాడు. మేమంతా ఆయన్ని "కంట్రోలర్ గారు" అని ఏడిపించేవాళ్ళం. ఎవరో ఒకరు "కంట్రోలర్ గారూ, ఇయ్యాల మన ప్రోగ్రెస్ ఏటి?" అనేవారు. "ఇరవై రెండు" అనేవాడు ఆయన. అంతకంటే ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు.

అరవై నిండాక ఆయన్ని స్టీలు ప్లాంటు స్టోర్సులో పని మానిపించేశారు. ఇంక బండెక్కే అవసరం లేదు గదా, ఈ పిచ్చి వదిలిపోతుందనుకున్నాం. ఆయన ఎలమంచిలిలో ఇల్లు ఖాళీ చేసి, దువ్వాడ స్టేషనుకి నాలుగడుగుల దూరంలో ఒక గది అద్దెకి తీసుకున్నాడు. రోజూ ఎనిమిదికల్లా ప్లాట్‌ఫారం మీద, మూడో బెంచీ దగ్గర నిలబడేవాడు. పండగ లేదు, ఆదివారం లేదు. ఒకసారి జ్వరం వచ్చిందని మందుబిళ్ళలు ఇవ్వడానికి ఆ గదికి వెళ్ళాను. ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. గోడ బల్ల మీద వరసగా రిజిస్టర్లు. వచ్చినవాళ్ళు కూర్చోడానికి కుర్చీ లేదు. ఎవరూ రారని తెలిసిన మనిషి గది అలాగే ఉంటుంది. నాకు దుఃఖం వచ్చింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళూ ఈయన్ని చూసి నవ్వినందుకు నామీద నాకే కోపం.

అసలు సంగతి తెలిసింది మాత్రం నా దురాశ వల్ల. ఒకరోజు బండి పన్నెండు నిమిషాలే ఆలస్యం. అందరూ వెళ్ళిపోయినా, నేను టీ తాగుతూ కబుర్లలో పడి ఎనిమిదిన్నర దాటించేశాను. ఆయన రిజిస్టరు చూపిస్తే సూపర్‌వైజరు నోరు మూయించవచ్చని ఆశ పుట్టింది.

"బాబాయ్, ఆ పన్నెండుని ఇరవై రెండు సెయ్యవా? నీ చేతిరాతే కదా. ఎవులికి తెలుస్తాది?" అన్నాను.

ఆయన రిజిస్టరు మూసేశాడు. ఆ మనిషికి కోపం వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఒక్క నిమిషం అబద్ధం రాస్తే ఈ పుస్తకాలన్నీ అబద్ధమైపోతాయే గౌరమ్మా! ఇవి నాకు కూడూ గుడ్డా ఎట్టవు. నిజమని ఒక్క మనిసి నమ్మడానికి రాస్తన్నాను."

"ఎవులు బాబాయ్ ఆ మనిసి?"

పట్టాల కేసి చూస్తూ చెప్పాడు.

ఆయనకి వయసులో పేకాట పిచ్చి. సాయంత్రం బండి దిగి ఇంటికి వెళ్ళకుండా, ఎలమంచిలి స్టేషను వెనకాల ఒక షెడ్డులో కూర్చునేవాడు. ఇంటికి వెళ్ళాక "బండి లేటు" అనేవాడు. భార్య నూకాలు కూర వేడిచేసి పెట్టేది. ఇరవై ఏళ్ళు అదే మాట. ఆమె ఒక్కసారీ నిలదీయలేదు. ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు.

తర్వాత నూకాలుకి కడుపులో గడ్డ అన్నారు. దువ్వాడలో దిగి వెళ్ళే గాజువాకలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. పొద్దున్న ఆపరేషన్ అనగా, ఆరోగ్య కార్డు ఇంటి దగ్గర మర్చిపోయారని తేలింది. కూతురు హిమబిందుని తల్లి దగ్గర ఉంచి, ఆయన సాయంత్రం బండికి ఎలమంచిలి వెళ్ళాడు. హిమబిందుకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు.

"ఆ రాత్రి పేక ముట్టుకోలేదు గౌరమ్మా. నూకాలు మీద ఒట్టు. పొద్దున్నే కార్డట్టుకుని ఇదే బండెక్కాను. తాడి స్టేషను దాటాక ఆగిపోనాది. ఎక్స్‌ప్రెస్‌లు పోతన్నాయి, గూడ్సులు పోతన్నాయి, మాది కదలదు. మా గుంట హిమ ఫోన్ సేసింది. 'నానా, ఎక్కడున్నావు? అమ్మని లోనకి తీసికెళ్ళిపోతన్నారు' అంది. 'బండి లేటమ్మా' అన్నాను. ఫోన్ స్పీకర్లో ఉంది. మంచం మీద నూకాలు ఇన్నాది. 'ఇయ్యాల కూడానా?' అంది. నాకు ఇనబడింది."

ఆయన వెళ్ళేసరికి ఆమెను లోపలికి తీసుకువెళ్ళిపోయారు. గుండె తట్టుకోలేదట. ఆమె మళ్ళీ కళ్ళు తెరవలేదు.

పదోరోజున, బంధువులందరూ కూర్చున్న చోట నూకాలు తమ్ముడు దొరబాబు లేచాడు. తగరపువలసలో వ్యాపారం అతనిది. విశాఖపట్నం స్టేషనుకి స్వయంగా వెళ్ళి కనుక్కున్నాడు. "బావా, ఆ రోజు ఆ బండి తొమ్మిదీ ఇరవైకి రైట్ టైముకి ఒచ్చింది. మా అక్క ప్రాణం పోతన్నప్పుడు కూడా పేక వదల్లేకపోయావా?" అన్నాడు. ఆయన బండిలో వచ్చాడని చెప్పగల సాక్షులు ఎవరంటే, రోజూ ఆయనతో వచ్చే పేకాట జట్టే. వాళ్ళ మాట ఎవరు వింటారు? హిమబిందు తండ్రి మొహం చూడకుండా మేనమామ వెంట తగరపువలస వెళ్ళిపోయింది. ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. పెళ్ళికి కూడా పిలవలేదు.

కొన్ని నెలలకి ఎవరో చెబితే, ఆయన రైల్వే ఆఫీసుకి అర్జీ పెట్టాడు. జవాబు వచ్చింది. ఆ తేదీన ఆ బండి ఆఖరి స్టేషనుకి సకాలంలో చేరింది, మధ్య స్టేషన్ల కాగితాలు అంతకాలం ఉంచరు. ఆ ఉత్తరంలో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అదే ఆయన బాధ.

మీకు విడమర్చి చెప్పాలి. బండి టైముకి వచ్చిందా లేదా అన్న లెక్క ఆఖరి స్టేషన్లో చూస్తారు. విశాఖపట్నం నుంచి దువ్వాడకి వచ్చేటప్పుడు టైంటేబుల్లో అరగంట కూడా ఉండదు. అదే దారిలో దువ్వాడ నుంచి విశాఖపట్నం వెళ్ళడానికి మాత్రం మా పాసింజరుకి గంటా పది నిమిషాలు రాసి ఉంటుంది. దారిలో నలభై నిమిషాలు ఆగిపోయినా ఆ చివరి ముక్కలో అంతా సర్దుకుపోతుంది. చివరిదాకా వెళ్ళేవాడికి బండి రైట్ టైము. మధ్యలో దిగేవాడు అబద్ధాలకోరు.

"ఆ రోజు కాగితం ఎలాగూ దొరకదు. మిగతా రోజులన్నీ రాసుకుంటే, ఆ రోజూ ఇలాగే అయుంటాదని దానికి తెలుస్తాది కదా" అన్నాడు బాబాయ్. దానికి అంటే కూతురికి.

పదకొండు రిజిస్టర్లు. కూతురు చూస్తుందని రాయడమే గానీ, చూపించే ధైర్యం ఆయనకి లేదు. నాకు ఓర్పు తక్కువ. ఆయన ఫోన్లోంచి హిమబిందు నంబరు చూసి రాసుకున్నాను. ఆయనకి చెప్పకుండా రిజిస్టరు పేజీలు ఫోటోలు తీసి రోజుకి నాలుగు చొప్పున పంపాను. తప్పే, కానీ మళ్ళీ అవసరమైతే మళ్ళీ అదే చేస్తాను. వారానికి ఒక జవాబు వచ్చింది. "ఎవరు మీరు? ఆయన పంపమన్నారా?" లేదన్నాను. నేనెవరో, ఏ బండిలో ఏ డబ్బా ఎక్కుతానో రాశాను. తర్వాత మూడు నెలలు ఏమీ లేదు. పంపినవన్నీ చూసినట్టు నీలం గీతలు మాత్రం పడేవి.

మొన్న మాఘమాసంలో ఒక సోమవారం, ఎలమంచిలిలో బండెక్కి కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ అమ్మాయి ఎదురుగా వచ్చి నిలబడింది.

"గౌరీశ్వరక్క అంటే మీరేనా?"

ముక్కు చూడగానే గుర్తుపట్టాను. అచ్చం బాబాయ్ ముక్కే. ముందురోజు సాయంత్రమే వచ్చి, చదువుకున్నప్పటి స్నేహితురాలి ఇంట్లో పడుకుందట.

"రాతలు ఎవులైనా రాసుకుంటారు. నా కళ్ళతో సూద్దామని వచ్చాను" అంది. ఆ మాటలో కరుకు కూడా తండ్రిదే.

అనకాపల్లి వరకు బండి శుభ్రంగా వచ్చింది. జీవితంలో మొదటిసారి బండి ఆలస్యం కావాలని దేవుడికి మొక్కుకున్నాను. ఈ పాడు బండి ఇవాళ టైముకి చచ్చిందంటే ఇంక ఈ పిల్ల మళ్ళీ రాదు. తాడి దాటింది. వేగం తగ్గింది. ఆగింది.

ఆమె ఫోన్ తీసి టైము చూసుకుంది. ఎనిమిదీ మూడు. పక్క పట్టాల మీద ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్ళింది. తర్వాత గూడ్సు. డబ్బాలో జనం అలవాటుగా నిట్టూర్చి పల్లీలు కొనుక్కున్నారు. హిమబిందు మాత్రం కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. ఎనిమిదీ ఇరవైకి మళ్ళీ ఫోన్లో టైము చూసుకుంది.

"నాను ఈ టైముకే ఫోన్ సేసాను అక్కా" అంది.

బండి దువ్వాడలో ఆగేసరికి ఎనిమిదీ నలభై ఎనిమిది. మూడో బెంచీ దగ్గర బాబాయ్ చేతి గడియారం చూసి, చక్రం ఆగాక, వంగి రాస్తున్నాడు. "దిగు" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"విశాఖపట్నం దాకా ఎల్తాను. అక్కడ ఏటి రాస్తారో సూడాలి."

నేను దిగాను. తండ్రి తల ఎత్తలేదు. ఆమె కిటికీలోంచి చూస్తూనే వెళ్ళిపోయింది. ఎలాగూ సగం రోజు పోయింది కాబట్టి నేను బెంచీ మీద కూలబడ్డాను. "పనికి ఎల్లవేటి?" అన్నాడు బాబాయ్. కాళ్ళు నొప్పులన్నాను. ఇద్దరం చెరో టీ తాగాం. ఆయనకి చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పాక ఆమె ఫోన్ చెయ్యకపోతే? ఇంకో పదకొండేళ్ళు ఈ మనిషి ఈ బెంచీ దగ్గరే ఉంటాడు. ఊరుకున్నాను.

తొమ్మిదీ ఇరవై నాలుగుకి ఆయన ఫోన్ మోగింది. ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది.

"నానా, నాను హిమని."

బాబాయ్ లేచి నిలబడ్డాడు. రిజిస్టరు ఒళ్ళోంచి జారి కింద పడింది.

"విశాఖపట్నం స్టేషన్లో ఉన్నాను నానా. పొద్దుటి బండిలో వచ్చాను. దువ్వాడలో నిన్ను సూసాను. ముప్పై ఎనిమిది నిమిషాలు లేటు. ఇక్కడ బోర్డు మీద మాత్రం రైట్ టైమని ఉంది. ఆ రోజు నువ్వు నిజమే సెప్పావు."

పదకొండేళ్ళుగా ఆయన వినాలనుకున్న మాట అది. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు.

"ఆ రోజు నిజమేనమ్మా. దాని ముందు సెప్పినవన్నీ అబద్ధాలే. పేకాటే" అన్నాడు.

"తెలుసు నానా."

"నీకు తెలిసింది, సాలు. మీ అమ్మకి తెలీలేదు కదమ్మా. 'ఇయ్యాల కూడానా' అనుకుంటానే ఎల్లిపోయింది. దానికి ఎలాగ సెప్పను?"

అవతల ఏదో బండి గురించి అనౌన్స్‌మెంటు వినబడుతోంది. దాని కిందనించి ఆమె ఏడుపు వినబడింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆ ఏడుపులోనే ఆమె, "అక్కడే ఉండు నానా. బస్సెక్కి వస్తన్నాను" అంది.

"సరేనమ్మా" అన్నాడు ఆయన.

ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు. నేను రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి ఇచ్చాను. అయిదో గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఆయన పెన్ను తియ్యలేదు. రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. ఏ బస్సు అని గానీ, ఎన్నింటికి వస్తావని గానీ ఆయన కూతుర్ని అడగలేదు.