సంత పాఠం పక్క పేజీ

మా సొసైటీ బడికి రెండు భాషల టీచర్ని ఎంచుకునే కమిటీలో నన్ను వేశారు. మా పేటలో తెలుగు తడుముకోకుండా చదివే మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి వేశారు. ఇది నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు. ఈ దీవికి వలసొచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డ మావాళ్లలో ఎవరింటికి శుభలేఖ వచ్చినా, ఊరి నుంచి పొలం కాగితం వచ్చినా నా దగ్గరికే పట్టుకొస్తారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ నేనే. మా నాన్న హాడో రేవులో కళాసీ. సాయంత్రం ఇంటికి రాగానే నన్ను కూచోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. తక్కిన పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే నేను ఏడుస్తూ దిద్దాను. ఆ ఏడుపుకి బదులుగా అందరూ నన్ను పొగడాలని నా ఉద్దేశం. ఇప్పటికీ అదే ఉద్దేశం.

టీచర్ కావాలని చిన్నప్పుడు అనుకున్నాను. పోర్టు ఆఫీసులో క్లర్కునయ్యాను. రిటైరయ్యే దాకా ఫైళ్లకి నంబర్లు వేశాను. మా ఆయన పోయాక ఇంట్లో నేనూ, టీవీ మిగిలాం.

బడి చిన్నది, అయిదో తరగతి దాకానే. పాఠాలన్నీ హిందీలో. మా పిల్లలు "అమ్మా, భూఖ్ వేస్తంది" అనే రకం. బోట్ల మీద పనిచేసేవాళ్ల పిల్లలకైతే ఒకటో తరగతిలో చేరేనాటికి ఆ హిందీ కూడా అంతంత మాత్రం. అందుకని చిన్న తరగతులకి తెలుగు నేర్పుతూ, హిందీలో చెప్పింది తెలుగులో విడమరిచే టీచరు ఒకరు కావాలని సొసైటీ తీర్మానించింది.

అలాంటి మనిషి బడిలో ఎనిమిదేళ్లుగా ఉంది. ఆయా. హిందీ టీచర్ బోర్డు దగ్గర ఒక మాట చెప్తే, ఈమె వెనకాల ఏ పిల్లకో ముక్కు తుడుస్తూ అదే మాట తెలుగులో అనేది. పిల్లలు బోర్డు వైపు కాకుండా ఈమె వైపు తిరిగి కూచునేవాళ్లు. పన్నెండో తరగతి పాసైంది, దూరవిద్యలో టీచరు ట్రైనింగ్ కూడా పూర్తిచేసింది, అన్నీ హిందీలోనే. నలభై దాటింది. ఆమె కూతురు అదే బడిలో నాలుగో తరగతి. ఆ పిల్లని అందరూ 'ఆయా బేటీ' అంటారు. దానికి పేరు లేనట్టు.

ఆయా మా చర్చిలోనే పాడుతుంది. గొంతు బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వాక్యం నేను ఎంత స్పష్టంగా చదివినా, ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర అందరూ ఆమె పాట గురించే మాట్లాడుకునేవాళ్లు. ఒక ఆదివారం ఆమె వెనక వరసలో కూచుని, ఆమె చేతిలో నోటుబుక్కులోకి తొంగిచూశాను. తెలుగు పాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుని ఉన్నాయి. మా దీవుల్లో పుట్టినవాళ్లు చాలామంది అలాగే రాసుకుంటారు, అందులో వింతేమీ లేదు. అయినా నాకు భలే సంతోషమేసింది. ఎవరికీ చెప్పలేదు. అలాంటివి దాచుకుంటే ఎప్పటికైనా పనికొస్తాయి.

ఇంటర్వ్యూకి నెల రోజుల ముందు ఆమే మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆంటీ, మాట్లాడ్డం వొచ్చు, పాటలొచ్చు. సదవడమే రాదు. ఈ నౌకరీ వొస్తే మా పిల్లని ఎవులూ ఆయా బేటీ అనరు. మీరు సికాయిస్తారా?"

కమిటీలో ఉన్నదాన్ని, అభ్యర్థికి పాఠం చెప్పకూడదని నాకు తెలుసు. ముందు అదే అన్నాను. ఆమె తలూపి వెళ్లబోతూ, "పోన్లెండి టీచర్" అంది. ఆ 'టీచర్' పొరపాటున వచ్చిన మాటో, తెలిసి అన్నదో ఇప్పటికీ చెప్పలేను. రేపటి నుంచి నాలుగున్నరకి రమ్మన్నాను.

రోజూ వచ్చేది. బడి ఊడ్చి, పిల్లల్ని ఇళ్లకి చేర్చి, చేపల వాసన వేసే సందుల్లోంచి నడిచి వచ్చి, నా ముందు చాప మీద కూచునేది. కుర్చీ ఉంది, నేను వెయ్యలేదు. చీకటి పడేలోపు గంటసేపు దిద్దించేదాన్ని. తప్పుచేస్తే స్కేలుతో వేళ్ల మీద కొట్టాను కూడా, మా నాన్న కొట్టినట్టే. నలభై ఏళ్ల మనిషి చెయ్యి వెనక్కి తీసుకోకుండా కొట్టించుకుంది. ఆ నెల నా జీవితంలో మంచి నెల.

అక్షరాలూ గుణింతాలూ వచ్చాయి. ఒత్తుల దగ్గర ఆగిపోయేది. వారం రోజులు మిగిలాయనగా ఇక లాభం లేదని నాకు అర్థమైంది. తెలుగు పరీక్ష పెట్టేది నేనే. ఏ పాఠం చదివించాలో నా ఇష్టం. అందుకని రెండో తరగతి పుస్తకం తెరిచి సంత పాఠం చూపించాను. "ఇదే అడుగుతాను, ఇది నేర్చుకో" అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. మర్నాటికల్లా ఆ పాఠాన్ని నా చేత చదివించుకుని హిందీ అక్షరాల్లో నోటుబుక్కులోకి ఎక్కించి, పాట నేర్చుకున్నట్టు నేర్చేసుకుంది. పుట్టాక సంత చూడని మనిషి, ఎడ్ల బళ్లూ, వంకాయల కుప్పలూ కళ్ల ముందున్నట్టు అప్పజెప్పింది.

ఇంటర్వ్యూ హెడ్మిస్ట్రెస్ గదిలో జరిగింది. హెడ్మిస్ట్రెస్ రాంచీ వైపు ఆవిడ, తెలుగు ఒక్క ముక్క రాదు. సొసైటీ అధ్యక్షుడు మావాడే, బోట్లకి తాళ్లూ రంగులూ అమ్మే దుకాణం ఉంది. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ఈ సంగతి పేటంతా తెలుసు, ఆయనకొక్కడికే ఎవరికీ తెలియదని నమ్మకం. ముగ్గురిలో తెలుగు పుస్తకం తిరగేసి పట్టుకోకుండా చూడగలిగేది నేనే.

మొదట శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయిని పిలిచారు. భర్తకి ఇక్కడ ఆఫీసులో ఉద్యోగమై ఆరు నెలల కిందట దిగింది. బీఎడ్ ఉంది. ఏ పేజీ ఇచ్చినా గడగడా చదివింది. హెడ్మిస్ట్రెస్ హిందీలో రెండు ప్రశ్నలడిగితే నవ్వి, "థోడా థోడా" అంది. అక్కడితో ఆ అమ్మాయి హిందీ అయిపోయింది.

తర్వాత ఆయా వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర. ఎనిమిదేళ్లుగా ఆ గదిలోకి టీ పట్టుకొచ్చిన మనిషి, కుర్చీలో కూచోమంటే ఎలా కూచోవాలో తెలియక అంచు మీద కూచుంది. హిందీలో హెడ్మిస్ట్రెస్ అడిగినవాటికి చక్కగా జవాబులు చెప్పింది. పిల్లలెవరు ఎక్కడ వెనకబడ్డారో, ఎందుకు వెనకబడ్డారో ఒక్కొక్కరి గురించీ చెప్పింది. హెడ్మిస్ట్రెస్ నా వైపు చూసి తలాడించింది. నా వంతు వచ్చింది. సంత పాఠం తీసి ఇచ్చాను.

చదివింది. అది చదవడం కాదు, నాకు తెలుసు. వేలు వరస కింద నడుస్తోంది, ఒకచోట నోరు కింది వరసకి దిగిపోయినా వేలు ఇంకా పై వరసలోనే ఉంది. మిగతా ఇద్దరూ అది చూడలేదు. ఆ గొంతులో సంత పాఠం ఎంత బాగుందంటే, కిటికీ అవతల పిల్లలు కూడా గోల ఆపి విన్నారు. పుస్తకం మూసి ఉద్యోగం ఆమెకి ఇచ్చెయ్యడమే మిగిలింది.

అప్పుడు అధ్యక్షుడు నవ్వుతూ నాతో అన్నాడు, "దీదీ, సచ్ చెప్తన్నాను, మీకంటే ఈవిడే బాగా సదువుతంది."

పొరపాటు కాదు, కోపంలో ఒళ్లు మరిచీ కాదు. బాగా తెలిసే చేశాను. పుస్తకం చేతిలోంచి తీసుకుని పేజీ తిప్పి, చీమల పాఠం తీసి మళ్లీ ఆమె ముందు పెట్టాను.

"ఇది కూడా చదువు."

ఆమె నా మొహం చూసింది. తర్వాత పుస్తకం చూసింది. వేలు మొదటి అక్షరం మీద పెట్టింది. "చీ" అంది. కాసేపటికి "మ" అంది. రెండో మాటలో ఒత్తు ఉంది. అక్కడ ఆగింది. హెడ్మిస్ట్రెస్ పెన్ను కింద పెట్టేసింది. అధ్యక్షుడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. నాకు జాలి కలగలేదు, భయమేసింది. 'ఇది మీరు చెప్పలేదు గదా' అని ఆమె ఒక్క మాట అంటే నా పరువు ఆ గదిలోనే పోయేది.

ఆమె అనలేదు. పుస్తకం మూసి, రెండు చేతులతో నా వైపు జరిపి, "సదవడం రాదండి" అంది. లేచి, అలవాటుగా టేబుల్ మీది ఖాళీ టీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత మా ముగ్గురి మధ్య చర్చ జరిగింది. శ్రీకాకుళం అమ్మాయికి హిందీ రాదు కదా అని హెడ్మిస్ట్రెస్ అంది. హిందీ ఎంతసేపు, ఇక్కడ రెండు నెలలుంటే గాలికే వస్తుందన్నాను. ఒత్తులు మాత్రం రెండు నెలల్లో రావా అని నన్నెవరూ అడగలేదు. అడిగితే దానికీ ఏదో ఒకటి చెప్పేదాన్ని. కాగితం మీద "తెలుగు చదవడం రాదు" అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాను.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకి తలుపు చప్పుడైంది. పోట్లాడ్డానికి వచ్చిందనుకుని, ఏం జవాబివ్వాలో మనసులో తయారుచేసుకునే తలుపు తీశాను. ఆమె చేతిలో నోటుబుక్కుంది, ఇంకో చేతిలో గిన్నె. సురమై చేప పులుసు.

"మాఫ్ చెయ్యండి టీచర్. నాకు వొస్తాదని భరోసాతో మీరు రెండోది అడిగేరు. అందరి ముందర మీ ఇజ్జత్ తీసేసేను."

నేను దాన్ని వెటకారమనుకుని మొహంలోకి చూశాను. వెటకారం కాదు. ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. నేను గిన్నె అందుకుని, "పర్వాలేదులే, కూచో" అన్నాను. చాప మీదే కూచుంది. పులుసు చాలా బాగుంది, రెండు పూటలు తిన్నాను.

కొత్త టీచర్ చేరాక ఒకసారి కమిటీ మనిషిగా బడి చూడ్డానికి వెళ్లాను. ఆ అమ్మాయి కుర్చీలో కూచుని పుస్తకాల తెలుగులో ఏదో చెప్తోంది. సగంమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఒకడు హిందీలో ఏదో అడిగాడు, ఆమెకి అర్థం కాలేదు. "ఆయా" అని పిలిచింది. ఆయా చీపురు గోడకి ఆనించి వచ్చి, వాడడిగింది టీచర్‌కి తెలుగులో చెప్పి, టీచర్ చెప్పింది పిల్లలకి వాళ్ల భాషలో చెప్పింది. నిలబడే చెప్పింది. అయిపోగానే మళ్లీ చీపురు అందుకుంది. రోజంతా ఇదే వరస అని హెడ్మిస్ట్రెస్ నాకు విసుగ్గా చెప్పింది. నాలుగో తరగతి గది ముందు నుంచి వస్తుంటే లోపలెవరో ఆయా బేటీ అని పిలవడం వినబడింది.

ఏడాది తిరిగింది. ఆ శ్రీకాకుళం అమ్మాయి భర్తకి ఉత్తరాన డిగ్లీపూర్‌కి బదిలీ అయింది. ఫీనిక్స్ బే రేవులో షిప్ టికెట్లు తీసుకున్నాక గానీ ఆ అమ్మాయి బడిలో చెప్పలేదు. ఆ రోజే అధ్యక్షుడు నాకు ఫోన్ చేశాడు. మళ్లీ ఇంటర్వ్యూలూ అవీ పెట్టే ఓపిక లేదన్నాడు. ఆయా మీ దగ్గర నేర్చుకుంటోందట కదా, ఇప్పుడు చదవగలిగితే ఆమెకే ఇచ్చేద్దాం, మీ మాటే ఫైనల్ అన్నాడు. చూసి చెప్తానన్నాను.

నాలుగున్నరకి ఆమె వచ్చింది. ఫోన్ సంగతి చెప్పలేదు. రెండో తరగతి పుస్తకం తీసి చీమల పాఠం ఆమె ముందు పెట్టాను. ఆ పేజీ గుర్తుపట్టి, చేతిలో నోటుబుక్కు పక్కన పెట్టింది. తర్వాత వేలు పెట్టి మొదలుపెట్టింది.

ఒక్కచోట ఆగలేదు. వేలూ నోరూ కలిసి నడిచాయి. ఒత్తులు పలికింది, చుక్క దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. నిజంగా చదువుతోంది. నేను నేర్పిన చదువే. కిటికీ దగ్గర వెలుతురు తగ్గుతోంది. వింటున్నంతసేపూ నేను ఒక్కటే ఆలోచించాను. రేపు ఆ బడిలో నలభైమంది పిల్లలు ఈమెని టీచర్ అని పిలుస్తారు. అప్పుడీమె నాలుగున్నరకి ఇక్కడికి రావలసిన పనేముంది? ఈ ఇంట్లో నన్నెవరు టీచర్ అంటారు?

చదవడం అయ్యాక తలెత్తి, "తప్పులేమైనా పోనాయా టీచర్?" అని అడిగింది.

"రెండు చోట్ల" అన్నాను.

ఎక్కడని అడిగింది. పేజీ మధ్యలో ఏదో ఒక వరస మీద వేలు పెట్టాను. ఆమె ఆ వరసని చాలాసేపు చూసింది. తనకి తప్పు కనపడలేదని చెప్పడానికి కూడా ధైర్యం చెయ్యలేదు. వేలు మళ్లీ పైకి తీసుకెళ్లి, మొదటి మాట నుంచి మొదలుపెట్టింది.

ఇంకా కొంచెం టైం పడుతుందని మర్నాడు అధ్యక్షుడికి చెప్పాను. బడిలోకి ఇంకో కొత్త టీచర్ వచ్చింది. ఆయా ఇప్పటికీ రోజూ నాలుగున్నరకి వస్తుంది.