నా వెనక నవ్విన పెట్టె

కరోనా సద్దుమణిగాక నేను గల్ఫ్‌లో, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని ఒక గోడౌన్‌లో చేరాను. ఒకరోజు అమెరికా నుంచి ఓ పాత యంత్రం వచ్చింది. పైన టైపు మిషనుకున్నట్టు మీటలు, లోపల టేపులు. టీవీ హాస్య కార్యక్రమాల్లో వినిపించే జనం నవ్వులు వెనకటి రోజుల్లో ఇలాంటి వాటిలోంచే వచ్చేవట.

పనిచేస్తుందో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టి మీటలు నొక్కాను. చప్పుడు లేదు.

"ఖలాస్, గిది సచ్చిందన్నా," అన్నాడు నాతో పనిచేసే కరీంనగర్ రాజన్న.

అంతలో మా ముదీర్, అదే మేనేజరు, ఊడిపడ్డాడు. ప్లగ్గు తీయడం మరిచిపోయాను. ముందురోజు అద్దాల పెట్టె పగిలినప్పుడు డ్యూటీ నాదే. ఆయన అందర్నీ వరుసగా నిలబెట్టి, సరిగ్గా నా ముందుకొచ్చి ఆగాడు.

"కిస్కా గల్తీ? బోలో! ఆజ్ హీ ఘర్ భేజ్‌తా!"

తప్పెవరిదో చెప్పాలట, ఈరోజే ఇంటికి పంపేస్తాడట! భయంతో ఒకడుగు వెనక్కి వేసి, ఆసరాకి చెయ్యి ఆనించాను. మీటల మీద.

ఈలోగా యంత్రం వేడెక్కిందేమో, నా వెనక వందమంది పగలబడి నవ్వారు! కంగారుగా చెయ్యి తీయబోయి ఇంకో మీట నొక్కాను. ఈసారి ఎవరో ఒకావిడ కిలకిలమంది.

నా పని అయిపోయిందనుకున్నాను. ముదీర్ నన్ను పక్కకు నెట్టి, తనే ఒక మీట నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. చివరికి ఆయనే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"యల్లా, కామ్ కరో!" అంటూ అందర్నీ పనిలోకి తరిమాడు.

నవ్వు నాలుగు విధాల చేటని మా నాయనమ్మ అనేది. నా ఉద్యోగాన్ని మాత్రం ఆ నవ్వే కాపాడింది. యంత్రం మర్నాడే కొన్నవాళ్ళకి చేరిపోయింది. ముదీర్ మాత్రం ఇప్పటికీ నన్ను తిడుతూ తిడుతూ మధ్యలో ఆగి, నా వెనక్కి ఒకసారి తొంగి చూస్తాడు.