మోక మార్చొద్దు

రెవెన్యూ ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు బాగా నచ్చిన మాట ‘మోక’. కాగితం మీద ఏముందన్నది కాదు, నేల మీద ఉన్నదున్నట్టు ఏముందో అది మోక. మోక మీదికి పోవాలి, మోక చూడాలి, చూసే రాయాలి. ఆఫీసులో ముసలి గుమాస్తాలు ఆ మాటను దేవుడి పేరు తలుచుకున్నట్టు తలుచుకునేవాళ్లు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినవాణ్ని, భూమి సంగతులు నాకేం తెలుసు? తెలియనివాడికి ఒక్క మాట దొరికితే చాలు, దాన్ని పట్టుకుని పెద్దమనిషి అయిపోతాడు. నేనూ అయ్యాను.

ధర్మపురికి ఇవతల, గోదావరి ఒడ్డున రెండూళ్లకు నేను వీఆర్వోని. వానాకాలం వస్తే పై నుంచి నీళ్లు వదులుతున్నారని ఫోన్ వచ్చేది. వెంటనే ఊరికి పోయి డప్పు కొట్టించి, ఒడ్డు వాడలో ఉన్నవాళ్లను బడికి చేర్చాలి. వాడలో ముప్పై దాకా గూనపెంకల ఇండ్లు, అన్నీ మట్టి గోడలే. చాలామందికి గుంట భూమి లేదు. కొందరు గుడికి పోతారు, కొందరు చర్చికి పోతారు, అందరూ కూలికి పోతారు. ఏటా వాళ్లు బడికి రామనేవాళ్లు, నేను తిట్టేవాణ్ని, తిట్లు తిన్నాక మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు. నాకు నోరు పెద్దది. ఆ నోటితోనే ఇంతమందిని బతికిస్తున్నానని లోపల గర్వం కూడా ఉండేది.

సకల జనులు సమ్మెకు దిగిన ఏడు గోదావరి వాడలోకి వచ్చింది. రెండు రోజులు ఉండి పోయింది. మనుషులకేం కాలేదు, అందరూ బడిలోనే ఉన్నారు. నీళ్లు తీసిన మర్నాడు పొద్దున్నే నేను వాడలో తిరిగాను. ఎక్కడ చూసినా పాదం దిగిపోయే బురద, నానిన బియ్యం వాసన.

చివరి ఇంటి ముందు ఒకావిడ పార పట్టుకుని నిలబడి ఉంది. నాకన్నా నాలుగైదేళ్లు పెద్దది. కోరుట్ల నుంచి వచ్చే ఆకుతో బీడీలు చేస్తుంది. భర్త మస్కట్‌లో ఉంటాడు, కానీ రెండేళ్లుగా ఫోన్ కూడా లేదు. ఒక్కతే బిడ్డ, తొమ్మిదో తరగతి. ఇంటి వెనక గోడ సగం కూలింది, మిగతా సగం లోపలికి ఒరిగింది. ఆ ఒరిగినదాన్ని పడగొట్టి, దాని జాగాలో తడిక కట్టుకోవాలని ఆవిడ ఆలోచన.

“ఆగక్కా, మోక మార్చొద్దు,” అన్నాను. “ఎట్లున్నది అట్లనే ఉండనియ్యి. మేం అచ్చి చూసి రాస్తం. నువ్వు పడగొట్టినవనుకో, నువ్వే కూలగొట్టుకున్నవంటరు.”

“రాస్తే ఏమస్తది సారూ?”

“ఇల్లు అస్తది. కొత్త ఇల్లు.”

ఆవిడ పారను గోడకు ఆనించబోయి, ఆగి, నేల మీద పెట్టింది. ఎప్పుడొస్తారని అడిగింది. వారంలో అన్నాను.

వారం తిరగకముందే సమ్మె మొదలైంది. జగిత్యాలలో టెంటు వేశాం. ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నాం. నేను మైకు పట్టుకుంటే చప్పట్లు కొట్టేవాళ్లు. ఇంట్లో మాట చెల్లని మనిషికి చప్పట్లు ఎంత రుచో అప్పుడే తెలిసింది. ఆ సమ్మె తప్పని ఇప్పటికీ అనను, ఎవరైనా అంటే కొట్లాటకు దిగుతాను. తప్పు చేసింది నేను.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పెత్రమాస దగ్గరపడింది. ఇల్లు అలుక్కోకుండా బతుకమ్మను ఎట్లా పేర్చుకుంటారు? వాడలో ఆడవాళ్లు బురద ఎత్తిపోశారు, పడిన గోడలు చేతనైనంత నిలబెట్టుకున్నారు, ఎర్రమట్టి పూసి ముగ్గులు పెట్టుకున్నారు. మేం వచ్చి చూస్తే అక్కడ వరద వచ్చిన జాడ కూడా దొరకదు. ఆవిడ ఒక్కతే దేన్నీ ముట్టలేదు. వెనక అర్ర వదిలేసి, తల్లీబిడ్డ ముందటి అర్రలోనే సర్దుకున్నారు. “సారు చెప్పిండని కూలిన గోడకు కావలి కూసున్నది,” అని పక్కింటివాళ్లు ఎగతాళి చేశారట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి.

బతుకమ్మ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆవిడ టెంటుకు వచ్చింది. బస్సులు లేవు కదా, కొంత దూరం నడిచి, కొంత దూరం ట్రాక్టరెక్కి వచ్చింది. మైకు నా చేతిలోనే ఉంది. టెంటు బయటే నిలబడి అడిగింది.

“సారూ, గోడ ఇంకింత ఒరిగింది. తీసెయ్యాల్నా, వద్దా?”

లేచి పక్కకు పోయి రెండు నిమిషాలు మాట్లాడితే అయిపోయేది. తీసెయ్యి అక్కా, ప్రాణం కన్నా ఇల్లు ఎక్కువ కాదు అంటే అయిపోయేది. కానీ ఎదురుగా రెండు వందల మంది నా వైపే చూస్తున్నారు.

“తెలంగాణ అచ్చినంకనే రాస్తం అక్కా! అప్పటిదాక నీ గోడను గూడ సమ్మెల కూసోబెట్టు!” అన్నాను, మైకులోనే.

టెంటంతా నవ్వింది. ఆవిడ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వులు ఆగాక దగ్గరికొచ్చి మెల్లగా మళ్లీ అడిగింది. “గట్లయితే ముట్టుకోవద్దు గద?”

“ముట్టుకోవద్దు,” అన్నాను.

ఎవరో ఆకులో పులిహోర పెట్టిచ్చారు. తినలేదు, బిడ్డకని కొంగున కట్టుకుని పోయింది.

దసరా పోయాక ముసురు పట్టింది. ముందటి అర్రలో జాగా చాలక బీడీ ఆకు కట్టలు వెనక అర్రలో ఒక మూలకు పెట్టింది. మూడో రోజు పొద్దున అవి తడుస్తున్నాయని తీసుకురావడానికి పోయింది. గోడ పడింది. బిడ్డ అరుపులకు వాడంతా వచ్చి మట్టి తోడారు. ప్రాణం దక్కింది. కుడి చేయి నుజ్జయింది. కరీంనగర్‌లో చూపుడువేలు, నడిమి వేలు తీసేశారు. బీడీ చుట్టాలంటే ముందు కావలసింది ఆ వేళ్లే.

సమ్మె విరమించాక పనులన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. వరద జాబితా వారంలో పంపాలన్నారు. మా పెద్దసారు, తహసీల్దారు, ఊరికి వచ్చాడు కానీ వాడలోకి దిగలేదు. పంచాయతీ ఆఫీసులో కుర్చీ వేయించుకుని, “ఎవరెవరి ఇండ్లు మునిగినయో చెప్పుండ్రి, గంటల అయిపోవాలె,” అన్నాడు. ఊరి పెద్దలు పేర్లు చెప్పారు, నేను రాశాను. పూత పెట్టిన ఇల్లు, ముగ్గు పెట్టిన ఇల్లు, గోడ లేపుకున్న ఇల్లు, అన్నీ పూర్తిగా కూలినట్టే రాశాను. ఏ గోడనూ ఎవరూ వచ్చి చూడలేదు. వరసలో ఆవిడ పేరు వచ్చింది. అందరి పేర్ల లాగే అదీ ఒక్క నిమిషంలో అయిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ తర్వాత మోక అన్న మాట మళ్లీ పలకలేదని చెబితే వినడానికి బాగుంటుంది. ఉద్యోగం కదా, పలుకుతూనే ఉన్నాను.

చలికాలంలో మంజూరు కాగితాలు పంచడానికి ఆ ఊరికి పోయాను. పేరు పిలిస్తే ఆవిడ కుడి చేయి కొంగులో దాచుకుని వచ్చింది. బిడ్డ బడి మానేసి తల్లికి బదులు బీడీలు చేస్తున్నదని వెనక నుంచి ఎవరో చెప్పారు. సంతకం చేయమన్నాను. ఎడమ చేత్తో రాదంది. వేలు పట్టుకుని ముద్ర వేయించాను. కాగితం తీసుకుని పోకుండా అక్కడే నిలబడింది. బల్ల మీదికి వంగింది.

“సారూ, నేను గోడ ముందే తీసేసుకుంటే గిది రాకపోతుండె గద?”

ఆవిడ వెనకాలే వాడంతా వరసలో నిలబడి ఉంది. అందరూ అవే కాగితాల కోసం వచ్చారు. ఆవిడ వాళ్లను గమనించలేదో, గమనించి కూడా నా నోట వినాలని అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

“రాకపోతుండె అక్కా,” అన్నాను.

“గంతే మరి. ముట్టుకోకుంటనే మంచిగైంది,” అని, కాగితం మడిచి ఎడమ చేత్తో రవికలో పెట్టుకుంది.