కొత్త అల్లుడి చేతిలో రిమోటు

ఆ రోజుల్లో మా వైపు కొత్త అల్లుడి చేతిలో ఏదైనా పెడితే దాన్ని తిరిగి తీసుకునే హక్కు ఆ ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. పేపరు ఇస్తే ఆయన చదివి మడిచేదాకా మామగారు లోకంలో ఏం జరిగిందో తెలియకుండానే కాఫీ తాగేవారు. ఫ్యాను ఆయన వైపు తిప్పితే అది అటే ఉండిపోయేది, మిగతా ఇల్లంతా చెమటలో నానేది. ఈ మర్యాద వల్ల ఎవరికైనా నష్టం జరిగినట్టు నేను పెద్దగా వినలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి అల్లుణ్ణి నేనే.

అప్పటికి నేను పెదపాడు వైపు చేపల చెరువుల దగ్గర లెక్కలు చూసేవాణ్ణి. ఆ లెక్కలు బడిలో నేర్చుకున్నవి కావు (బడిలో లెక్కలకూ నాకూ మాటల్లేవు). వలలో పడ్డ నాలుగు చేపలను తూచి, నీళ్ళలో ఎన్ని టన్నులున్నాయో చెప్పడం, ఏ చెరువుకు ఎంత దాణా, ఎంత మందు పడుతుందో అంచనా కట్టడం గట్టు మీద నిలబడి, తప్పులు చేస్తూ వంటబట్టించుకున్నాను. ఆ పనిలో మొదటి పాఠం మందు దాచుకోవడం. ఇవాళ చేప పైకి తేలి నోరు తెరుస్తోందని గాభరాపడి ఉన్నదంతా చల్లేసినవాడు, రేపు అసలు తెగులు వచ్చాక ఖాళీ డబ్బా ముందు కూర్చుని ఏడుస్తాడు. కొల్లేరు చుట్టూ అలా ఏడ్చినవాళ్ళను కళ్ళారా చూశాను. అందుకని దాచడం నాకు ఒక భక్తిలా అలవడింది.

పెళ్ళయిన మొదటి వేసవిలో మా ఆవిడతో కలిసి తాడేపల్లిగూడెంలో అత్తవారింటికి వెళ్ళాను. మామయ్యగారు రైల్వేలో గూడ్సు గుమాస్తా. అత్తయ్యగారు క్రైస్తవ మిషను బడిలో టీచరు. ఇక మా మరదలు, పదో తరగతి గట్టెక్కి, ఇంకో నాలుగు రోజుల్లో ఇంటర్మీడియట్ హాస్టలుకు పోబోతున్న పిల్ల. ఆ హాస్టళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. లోపలికి వెళ్ళిన పిల్ల రెండేళ్ళదాకా టీవీ ముఖం చూడదు. అందుకే ఆ పిల్ల ఆ వేసవినంతా ఒకే ఒక్క పనికి రాసిచ్చేసింది.

ఆ పని ఒక ఆట. ఎదురింటి నూనెల వ్యాపారిగారి అమ్మాయి మద్రాసులో చదువుకుంటూ, సెలవులకు వస్తూ వస్తూ టీవీకి తగిలించి రిమోటుతో ఆడే ఒక నల్లటి ఆటల పెట్టెనూ, కొత్తగా విడుదలైన జపాను ఆట డిస్కునూ తెచ్చింది. వాళ్ళ ఇంట్లో టీవీ అంటే వాళ్ళ నాన్నగారు వార్తలు చూసేది మాత్రమే. కాబట్టి పెట్టె వచ్చి మా అత్తవారి ముందుగదిలో కాపురం పెట్టింది. నేను అంతకుముందు చూసిన వీడియో ఆటలన్నీ కార్లు గుద్దుకునేవి. ఇది వేరు. ఇందులో ఒక దేశం ఉంది. కత్తి పట్టిన కుర్రవాడు, విల్లు పట్టిన పిల్ల, గడ్డం ముసలాయన, గాయాలు మాన్పే వైద్యురాలు, ఈ నలుగురూ ఊరూరా తిరుగుతారు. ప్రతి ఊళ్ళోనూ ఒక సత్రం, అందులో ఒక్క నిద్ర తీస్తే ఎంత గాయమైనా మాయం. వీధిలో ఎవరిని పలకరించినా ఒకటే మాట చెబుతారు, పదిసార్లు అడిగినా విసుక్కోకుండా అదే మాట (మా మామయ్యగారు రైళ్ళ వేళల గురించి చెప్పినట్టు). సముద్రపు ఒడ్డున ఒక ఊరు వచ్చినప్పుడు వినిపించే వేణువు పాటను అత్తయ్యగారు వంకాయలు తరుగుతూ తనకు తెలియకుండానే కూనిరాగం తీసేవారు.

నన్ను పట్టుకున్నవి మాత్రం అంకెలు. దెబ్బ తగిలితే మనిషి తల మీద తెల్లటి అంకె లేచేది, వైద్యం చేస్తే ఆకుపచ్చ అంకె. మనిషి నొప్పికి అంత నిక్కచ్చి లెక్క నేను మరెక్కడా చూడలేదు. పైగా యుద్ధం వంతులవారీగా సాగుతుంది. మనం ఏం చేయాలో తేల్చుకునేదాకా శత్రువు ఆయుధం ఎత్తి, 'మీరు కానివ్వండి, నాకేం తొందర' అన్నట్టు ఊగుతూ నిలబడతాడు. అంత గోదావరి మర్యాద జపాను వాళ్ళకు ఎలా అబ్బిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆటకు చివర ఒక మాంత్రికుడున్నాడు. (మాంత్రికుణ్ణి చంపే ఆట అని తెలిశాకే అత్తయ్యగారు దానికి అడ్డు చెప్పడం మానేశారట.) వాడు చస్తే ఆట ముగింపు కనిపిస్తుంది. వాడి చేతిలో మా మరదలు మేము వెళ్ళకముందే ఓడింది, మేము వెళ్ళాకా ఓడింది. నేను పక్కన కుర్చీలో కూర్చుని చూస్తుంటే ఒకసారి ఇటు తిరిగి, "బావగారూ, చెరువులో చేపల్ని లెక్కెట్టేస్తారంటగా. వీడి ప్రాణం ఎంతుందో చెప్పండి చూద్దాం" అంది. వేళాకోళానికే అంది. నేను మాత్రం ఆ క్షణం నుంచి మనసులో కూడికలు మొదలుపెట్టాను.

చివరి రోజు వచ్చింది. మర్నాడు పొద్దున్నే హాస్టలు ప్రయాణం. ఎదురింటి అమ్మాయిది ఆ సాయంత్రమే మద్రాసు రైలు, ఐదింటికి వచ్చి పెట్టె సర్దుకుంటానని కబురు పంపింది. ఊళ్ళో రెండు నుంచి నాలుగు దాకా కరెంటు కోత. అంటే మా మరదలికి మిగిలింది ఒక్క గంట. నాలుగు కాకముందే ఆ పిల్ల చీకటి టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఓల్టేజీ పడిపోతుందని అత్తయ్యగారు ఫ్రిజ్ కట్టేశారు. మిక్సీ వేస్తే తెర వణుకుతుందని మా ఆవిడ గారెల పప్పు పెరట్లో రుబ్బురోట్లో రుబ్బడానికి కూర్చుంది. ఫ్యాను తిరగగానే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు.

పావుగంటలో మరదలు మళ్ళీ ఓడిపోయింది. వాడి ఒక్క దెబ్బకు నలుగురూ ఒకేసారి నేల మీద పడ్డారు, లేపడానికి ఒక్కరూ మిగల్లేదు. ఆ పిల్ల రిమోటు ఒళ్ళో పెట్టుకుని మెడ వంచేసింది. నేను ఊరుకోవలసింది.

"వాడు ప్రతి నాలుగో వంతుకు పెద్ద దెబ్బ వేస్తున్నాడమ్మా," అన్నాను. "మూడో వంతులో అందరినీ డాలు అడ్డం పెట్టుకోమంటే సగం నష్టం తగ్గుతుంది. మీరు నాలుగు వంతులూ కొడుతూనే ఉన్నారు. అక్కడ పోతోంది లెక్క."

మరదలు తలెత్తి చూసింది. మామయ్యగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"అల్లుడుగారికియ్యమ్మా," అన్నారు. "ఆయన లెక్క గట్టిది."

"నేను చెబుతుంటాను, తను ఆడుతుందిలెండి," అన్నాను.

"అబ్బే, మీరు ఆడండి బాబూ," అన్నారు అత్తయ్యగారు. "ఏమే, ఇయ్యి. ఆయన అడుగుతుంటే అలా చూస్తావేంటి?"

నేను అడగలేదు. కానీ రిమోటు నా చేతిలోకి వచ్చేసింది. కూతుర్ని అప్పగింతలు పెట్టే తండ్రి ముఖంతో మరదలు దాన్ని నాకిచ్చి, ఏ మీట దేనికో చూపించింది.

నా లెక్క నిజమే అయింది. మూడో వంతులో డాలు, నాలుగో వంతులో వాడి దెబ్బ, ఆ తర్వాత మా దెబ్బలు. ఒక్కొక్క ఆజ్ఞకూ నేను ముందు ఏం జరుగుతుందో కూడి, తీసివేసి, సరిచూసుకుని మీట నొక్కుతున్నాను. మాంత్రికుడు ఓపిగ్గా ఊగుతున్నాడు. గోడ గడియారం ఓపిక పట్టడం లేదు. నాలుగున్నర దాటాక వాడు హఠాత్తుగా మోకాళ్ళ మీద కూలాడు. మామయ్యగారు చప్పట్లు కొట్టబోయారు. అంతలో వాడి వీపు చీలి నల్లటి రెక్కలు లేచాయి. పేరు మారింది, సంగీతం మారింది, వాడు గది పట్టనంత పెద్దవాడయ్యాడు.

"ఇంత దూరం నేనెప్పుడూ రాలేదు," అంది మరదలు. ఆ గొంతులో వేళాకోళం లేదు.

ఈ రెండో రూపం నా లెక్కకు లొంగలేదు. వాడు ఏ వంతుకు ఏం చేస్తాడో వాడికే తెలిసినట్టు లేదు. ముందు గడ్డం ముసలాయన కూలాడు. తర్వాత విల్లు పిల్ల. మా సంచిలో బంగారు సీసాలు ఇరవై మూడు ఉన్నాయి. ఒక్క సీసా తాగిస్తే పడిపోయినవాడు లేచి నిండు ప్రాణంతో నిలబడతాడు. మరదలు వేసవంతా గుహల్లోనూ, గుళ్ళలోనూ వెతికి పోగుచేసినవి. నేను ఒక్కటీ ముట్టలేదు. వీడికి రెండో రూపం ఉందని ఎవరికి తెలుసు? అలాగే మూడోది ఉంటే? అప్పుడేం తాగిస్తాం? చెరువు గట్టు మీద నేర్చుకున్నదంతా ఒక్క గొంతుతో 'ఆగు' అంటోంది.

"బావగారూ," అంది మరదలు మెల్లగా, "మీకు గనక తోస్తే, ఆ సంచిలో ఏవో సీసాల్లాంటివి ఉన్నాయండి."

"చూశానమ్మా. ఇంకా టైముంది."

"అంటే, ముసలాయన పడిపోయి చాలాసేపైందండి."

"ఊరుకోవే," అన్నారు అత్తయ్యగారు. "ఆయన ఆలోచించుకుంటున్నారు. ప్రార్థన చేసుకో."

మరదలు నిజంగానే కళ్ళు మూసుకుంది. ఆ ప్రార్థన మాంత్రికుడి గురించో నా గురించో నేను అడగలేదు. అప్పుడే గుమ్మంలో చప్పుడైంది. ఎదురింటి అమ్మాయి, చంకలో ఖాళీ అట్టపెట్టె, చేతిలో పురికొస ఉండ. తెర చూసి చెప్పులు విప్పడం మరచిపోయింది.

"రెక్కలొచ్చాయేంటే వీడికి?" అంది.

"రెండో రూపం."

"మరి సీసాలు?"

మరదలు నా వైపు చూడకుండా, నన్నే చూపించే విధంగా గోడవైపు చూసింది. ఎదురింటి అమ్మాయి అట్టపెట్టె కింద పెట్టి దాని మీదే కూర్చుంది. "మా నాన్న ఆటోకి చెప్పేశారు. నేను ఎక్కువసేపు ఉండలేనే," అంది, చాలా బాధగా.

మామయ్యగారు లేచి స్టేషనుకు ఫోను చేసి వచ్చారు. "ఇంకా నిడదవోలు రాలేదంట. ముప్పావుగంట లేటు," అన్నారు. సొంత రైల్వే ఆలస్యానికి ఆయన అంత సంతోషించడం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. "మీరు కంగారుపడకండి అల్లుడుగారూ."

నేను కంగారుపడ్డాను. కత్తి కుర్రవాడు కూలిపోయాడు. ఇక మిగిలింది వైద్యురాలు, ఆవిడ ప్రాణం రెండంకెల్లోకి వచ్చింది. ఇంకొక్క దెబ్బ. వాడు రెక్కలాడిస్తూ 'మీరు కానివ్వండి' అంటున్నాడు. తెర మీదవాళ్ళెవరూ కదలడం లేదు, ఇంట్లోవాళ్ళూ కదలడం లేదు. రిమోటు నా చేతిలోంచి లాక్కోవాలని కనీసం నలుగురికి ఉంది, లాక్కోగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. సీసా వాడదామని వేలు వెళ్తుంది, మూడో రూపం గుర్తొచ్చి వెనక్కి వస్తుంది.

పెరటి గుమ్మంలో మా ఆవిడ వచ్చి నిలబడి ఎంతసేపైందో తెలియదు. మోచేతులదాకా పిండి. పెళ్ళయిన ఈ నెలల్లో నలుగురిలో నాతో మాట్లాడిన మనిషి కాదు.

"ఏవండీ," అంది. "వీడు చస్తే ఆట అయిపోతుందంటగా?"

"అయిపోతుంది."

"మరి అయిపోయాక ఆ సీసాలు ఎక్కడికి పట్టుకెళ్తారండీ?"

అత్తయ్యగారు 'అదేం మాటే' అన్నట్టు పెద్దకూతురి వైపు చూశారు. నేను మాత్రం జవాబు వెతుక్కుంటున్నాను. ఎంత వెతికినా దొరకలేదు. చెరువులో ఒక పంట తీశాక ఇంకో పంట ఉంటుంది. ఇక్కడ లేదు. చివరి రోజున మిగిలిన మందు మందే కాదు. ఈ చిన్న తీసివేత చేయడానికి నాకు రుబ్బురోటి దగ్గర్నుంచి మనిషి రావలసి వచ్చింది.

నేను రిమోటు మరదలి ఒళ్ళో పెట్టాను.

ఆ పిల్ల దాన్ని అందుకున్న వేగం చూడాలి. మొదటి సీసా వైద్యురాలికే. వాడి దెబ్బ పడింది, ఆవిడ తూలి నిలబడింది. రెండో సీసా కత్తి కుర్రవాడికి, మూడోది విల్లు పిల్లకు. వాడు మళ్ళీ ఇద్దర్ని పడేశాడు, మరదలు మళ్ళీ లేపింది. ఆకుపచ్చ అంకెలూ తెల్లటి అంకెలూ ఒకదాని మీద ఒకటి లేస్తున్నాయి, నాకు కూడికలు అందడం లేదు. ఎదురింట్లో ఆటో హారను వినిపించింది. ఎవరూ అటు తిరగలేదు. "కొట్టవే, ఇప్పుడు కొట్టు," అన్నారు అత్తయ్యగారు. బడిలో పిల్లల మీద ఏనాడూ చెయ్యెత్తని మనిషి ఆవిడ. కత్తి కుర్రవాడు ఎగిరి కొట్టాడు. తెర తెల్లబడింది. రెక్కలు బూడిదై రాలిపోయాయి. మూడో రూపం రాలేదు.

సంచిలో ఇంకా ఆరు సీసాలు మిగిలాయి. అది నాకు కొంచెం ఊరట.

ముగింపు మేమంతా నిలబడే చూశాం. నలుగురూ ఆ సముద్రపు ఊరికి తిరిగి వెళ్ళి, ఒక్కొక్కరే ఒక్కొక్క దారిన విడిపోయారు. ముసలాయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. మా మరదలూ, ఎదురింటి అమ్మాయీ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని ఉన్నారు. "ఇప్పుడా రాజ్యం ఎవరు చూసుకుంటారండీ?" అని అత్తయ్యగారు నన్నడిగారు. తెలియదన్నాను. ఆ ఇంట్లో నేను తెలియదన్నది అదే మొదటిసారి. పేర్ల వరుస ఇంకా పైకి పోతుండగానే నేనూ మామయ్యగారూ వైర్లు చుట్టడం మొదలుపెట్టాం.

స్టేషనుకు అందరం వెళ్ళాం. రైలు వచ్చింది, అట్టపెట్టె ఎక్కింది, ఎదురింటి అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా మా మరదలు అక్కడే నిలబడింది. రేపు తన వంతు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ముక్కు తుడుచుకుని ఆ పిల్లే నా మోచెయ్యి పొడిచింది.

"పద బావా, గారెలు చల్లారిపోతాయి," అంది.

"బావగారూ అనవే," అన్నారు వెనక నుంచి అత్తయ్యగారు. "పద ఏంటి, పదండి అనాలి."

నేను వినపడనట్టు ముందుకు నడిచాను. ఆ పూట ప్లాట్‌ఫారం మీద కొత్త అల్లుడి హోదా అంతా పోగొట్టుకుని, దండ వేయించుకున్నవాడిలా ఛాతీ విరుచుకుని నడిచిన ఆ సన్నటి మనిషి ఇప్పటికీ అప్పుడప్పుడు కళ్ళముందుకు వస్తాడు. వెనక నుంచి పిలిచి, ఒరేయ్, కాస్త నెమ్మదిగా నడు, ఈ సాయంత్రం తొందరగా అయిపోతుంది అని చెప్పాలనిపిస్తుంది.