మానిటర్ మేడం

నేపాల్‌లో నా ఉద్యోగం మానవ హక్కుల మానిటరింగ్. ఎక్కడ ఎవరికి అన్యాయం జరిగిందో విని రాసుకోవడం, ఆ పనే అక్కడి వాళ్లకు నేర్పించడం. ఈ సంగతి మన వాళ్లకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఆ నేర్పించడాన్నే కెపాసిటీ బిల్డింగ్ అంటారంటే చాలు, ఎన్ని అంతస్తులని అడుగుతారు.

సెలవులో వచ్చి, భద్రాచలంలో చర్ల బస్సెక్కాను. పక్క సీట్లో ఇప్పపువ్వు మూటతో ఒకామె కూర్చుంది. దుమ్ముగూడెం దాటేదాకా తన పోడు చేను గురించే చెప్పింది. పోయిన వానాకాలం మొలకలొచ్చిన చేనును ఫారెస్టు వాళ్లు ట్రాక్టర్‌తో దున్నేశారట, అడ్డుపడిన భర్తను కొట్టారట.

"నువ్వేం పని చేస్తవ్ మేడం?" అని అడిగింది.

మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక, "మానిటర్‌ని" అనేశాను.

ఆమె మొహం చాటంత అయింది. "మా పిల్ల గూడ హాస్టల్ల మానిటరే! మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాస్తది. సారొచ్చి ఆళ్లను కొడ్తడు."

తల పట్టుకున్నాను. "అది కాదమ్మా! కొట్టినవాళ్ల సంగతి నేను రాస్తాను."

"మరి చెప్పినోళ్ల పేర్లు?"

"అవీ రాస్తాను. కానీ బయట ఎవరికీ చూపించం."

"ఏ సారుకూ చూపియ్యరా?"

మా పై అధికారులు గుర్తొచ్చి, "మా పై సార్లకు తప్ప..." అని నసిగాను. ఇంతలో పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆగింది. ఒక జవాను ఎక్కి అందరి ఆధార్ కార్డులు చూసి దిగిపోయాడు.

బస్సు కదిలాక, "ఇంతకీ మీ పేరేంటమ్మా?" అన్నాను.

ఆమె మూటను ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు తిరిగింది.

"పేరెందుకు మేడం? నేనేం మాట్లాడలే."