గోడ అవతలి బావి

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్త ఊరంతా చెప్పుకునేది. నిజమే. పక్కింట్లో ఏం కూర వండారో కూడా దాచుకోలేని దాన్ని. కానీ ఒక్క మాట ఉంది. అది ఇన్నేళ్లుగా నా నోట్లో నానుతూనే ఉంది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. నా పేరు మాత్రం అడగకండి. మిగతాదంతా చెబుతాను.

మాది నిజామాబాదులో పసుపు వ్యాపారం చేసే ఇల్లు. వేల్పూరు వైపు నుంచి బండ్ల మీద కొమ్ములు వస్తే మా వాకిట్లోనే రాశులు పోసేవాళ్లు. మడి పాటించే ఇల్లు కూడా. అడ్డగోడకు అవతల ఖైరున్ వాళ్లు ఉండేవాళ్లు. ఆమె భర్త కాసిం ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. గోడలో చిన్న తలుపు ఉండేది. వాళ్ల ఒక్కగానొక్క పాప మున్నీ ఆ తలుపులోంచి ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి నిలబడేది. బెల్లం ముక్క పెడితే అక్కడే తినేసి చేతులు గౌనుకు తుడుచుకుని పోయేది. నేను మాత్రం వాళ్లింట్లో ఏనాడూ గుక్కెడు నీళ్లు తాగలేదు. తాగమని ఖైరున్ నన్ను ఇరకాటంలో పెట్టనూ లేదు. అది మా ఇద్దరికీ తెలిసిన సంగతే.

ఇక మోరి గురించి, అదే మా మురుగునీళ్ల దారి గురించి చెప్పాలి. మా స్నానాల గచ్చు నీళ్లూ, గిన్నెలు తోమే చోటి నీళ్లూ వాకిట్లో ఒకచోట కలిసి, అడ్డగోడ పక్కగా నేల కింద మట్టి గొట్టాల్లోంచి వీధి మోరీలోకి పోయేవి. పసుపు పొట్టు అందులోకి పోనివ్వొద్దని, ఊడ్చి ఎత్తమని అత్త ఎన్నిసార్లో చెప్పింది. నాకు బద్ధకం. బిందెడు నీళ్లు కొట్టి తోసేసేదాన్ని. పొట్టు, గిన్నెలు తోమిన బూడిద కలిస్తే గొట్టంలో అట్టకట్టుకుంటుందని నాకు తెలియదా? తెలుసు.

ఎండలు మొదలైన కొత్తలో గచ్చు మీద నీళ్లు నిలవసాగాయి. తర్వాత స్నానం నీళ్లు వదిలితే చాలు, గిన్నెలు తోమే చోట బుడబుడమని పైకి వచ్చేవి. అంటే రెండు దారులూ కలిసిన తర్వాత ఎక్కడో అడ్డం పడ్డట్టే. అప్పుడే చెప్పాల్సింది. ఇంతలో ఒకనాడు నిలిచిన నీళ్లు వాటంతటవే దిగిపోయాయి. బతికిపోయాననుకున్నాను. ఎందుకైనా మంచిదని వీధిలోకి వెళ్లి చూస్తే మోరి మూతి పొడిగా ఉంది. మరి నీళ్లన్నీ ఎటు పోతున్నట్టు?

మా ఇంట్లో దీనికొక పద్ధతి ఉంది. గంగాళం నీళ్లలో పసుపు కలిపి గచ్చు మీద పోయాలి. వీధి మోరి దగ్గర నిలబడి చూడాలి. పసుపు నీళ్లు వెంటనే వస్తే దారి బాగున్నట్టు. ఆగి ఆగి వస్తే అడ్డం ఉన్నట్టు. అసలు రాకపోతే గొట్టం పగిలినట్టు. పోశాను. చాలాసేపు నిలబడ్డాను. ఒక్క చుక్క రాలేదు. వీధి వైపు నుంచి వెదురు బద్ద దూర్చి లాగితే దాని కొనకు పచ్చి మట్టి అంటుకుని వచ్చింది.

మర్నాడు పొద్దున ఖైరున్ బొక్కెన పట్టుకుని ఆ చిన్న తలుపు దగ్గరికి వచ్చింది. వాళ్ల బావి గోడకు ఆనుకునే ఉంటుంది.

"అక్కా, మా బాయినీళ్లు పసుపచ్చగైనయ్. మీ దిక్కేమన్న ఒలికిందా?"

"వాకిట్ల పసుపు కడిగినం. గదే ఇంకి ఉంటది. పసుపు మంచిదే గద చెల్లే, తాగుండ్రి, ఏం గాదు."

"నువ్వే చెప్పినంక ఇంక నాకు బుగులు లేదక్కా," అని నవ్వి వెళ్లిపోయింది.

ఎందుకలా అన్నాను? ఎదురుగా మామ తద్దినం ఉంది. బ్రాహ్మలు భోజనానికి వచ్చే ఇంట్లో వాకిలి తవ్వితే, మోరి పగిలిందంటే, అది నా బద్ధకం వల్లనేనంటే, అత్త నన్ను చీల్చి చెండాడుతుంది. తద్దినం కాగానే చెప్పేద్దామనుకున్నాను. ఇన్నాళ్లూ నాకు నేను ఇలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ లోపల ఇంకొకటి ఉంది. వాళ్ల బావినీళ్లు ముట్టని మేము, మా ఒళ్లు కడుక్కున్న నీళ్లు వాళ్లతో తాగిస్తున్నామని ఆమె మొహం చూసి చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గు. ఆమెకు ఏమవుతుందోనన్న భయం కన్నా నా సిగ్గే నాకు పెద్దదైంది.

తద్దినం నాడు ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేశాం. వచ్చినవాళ్లూ చేశారు. మేమెంత మడిగా ఉన్నామో అన్ని నీళ్లూ అటే పోయాయి. చూస్తూనే ఉన్నాను.

అవి బోధన్ దగ్గర చక్కెర కార్ఖానా కడుతున్న రోజులు. కూలీలకు వండే గుండిగలకు కళాయి పూయడానికి కాసిం అక్కడికి వెళ్లాడు. ఆ తద్దినం మర్నాడే తిరిగొస్తూ మున్నీకి చెరుకు గడలు తెచ్చాడు. పిల్ల రోజంతా నములుతూ తిరిగింది. నాకూ ఒక ముక్క తెచ్చి ఇచ్చింది. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. హకీం వచ్చి ఏం తిన్నదని అడిగాడు. చెరుకు అన్నారు. సాయంత్రానికి పిల్ల లేదు.

కాసిం మిగిలిన గడలను మోకాలికేసి విరిచి వీధిలో పారేశాడు. నా చేతులతోనే తెచ్చి పెట్టానని, ఆ ఒక్క మాటే అంటూ కూర్చున్నాడు. ఖైరున్ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పసుపు ఒంటికి మంచిదని నేనన్నానని, రోజూ తోడిన మొదటి బొక్కెన మున్నీకే తాగించిందట. అయినా ఆ పాడు చెరుకు ముందు పసుపు ఏం పనిచేస్తుందక్కా అని ఆమే నన్ను అడిగింది. నేను ఆమె వీపు నిమురుతూ ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

ఆ వారంలోనే అత్తకు చెప్పి, మోరీలు తీసే మనిషిని పిలిపించాను. గోడ పక్కన తవ్వి, రాయిలా గట్టిపడిన పసుపు పొట్టు బయటికి తీసి, పగిలిన గొట్టం మార్చి పోయాడు. అత్త తిట్టింది. నాలుగే నాలుగు తిట్లు. పొద్దుగూకేసరికి ఆమె వాటిని మరిచిపోయింది కూడా. ఆ నాలుగు తిట్లకు భయపడి నేనొక పిల్లను పొట్టన పెట్టుకున్నాను.

వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వర్ని వైపు వెళ్లిపోయారు. కొన్నేళ్లకు కాసింను ఒకసారి అంగట్లో చూశాను. బాగా చిక్కిపోయాడు. చెరుకు బండి ఒకటి పక్క నుంచి పోతుంటే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బండి దాటేదాకా అలాగే ఉన్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. చెయ్యి చాపితే అందేంత దగ్గర. చెబితే ఏమయ్యేది? నన్ను కొట్టేవాడేమో. కొడితే మాత్రం ఏం? ఆ చెరుకు బరువు ఆయన మీద నుంచి దిగేది. నేను కొంగు సర్దుకుని వేరే సందులోంచి ఇంటికి వచ్చేశాను.

ఆయన పోయాడని తర్వాత ఎవరో అన్నారు. ఖైరున్ ఉందో లేదో తెలియదు. మీరు నన్ను ఓదార్చకండి. దేవుడు చూసుకుంటాడని అసలే అనకండి. మీకు చెప్పాక కాస్త తేలికైంది, అలా తేలికైనందుకూ సిగ్గుగానే ఉంది. ఆ రోజు అంగట్లో ఆయన వెనక నిలబడి అనాల్సిన మాట ఒకటుంది. వినేవాళ్లు లేకపోయినా ఇప్పుడు నోరు తెరిచి అంటున్నాను.

"చెరుకు కాదన్నా. మా మోరి."